తల మీద పొగగొట్టం ఎందుకు?

విక్టోరియా కాలం నాటి సీరియల్ ఏది చూసినా మా పిల్లలు అడిగే ప్రశ్న ఒకటే. "ఆ మగవాళ్ళు తల మీద పొగగొట్టం ఎందుకు పెట్టుకునేవారమ్మా?" పోలిక కొత్తదేం కాదు. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లోనే దాన్ని వెక్కిరింతగా చిమ్నీ పాట్ అనేవారు.

టాప్ హ్యాట్ 18వ శతాబ్దం చివర్లో, పొడి చల్లుకునే విగ్గులు పోతున్న రోజుల్లో వచ్చింది. విక్టోరియా రాణి ఏలిన కాలమంతా (1837–1901) పెద్దమనిషికి గుర్తుగా నిలిచింది. నిజానికి ఎండావానలకు పనికొచ్చే టోపీ కాదది. గాలి వీస్తే ఎగిరిపోతుంది, తడిస్తే మెరుపు పోతుంది, మెత్తని బ్రష్‌తో దువ్వుతూ ఉండాలి. సరిగ్గా అందుకే పెట్టుకునేవారు! మూటలు మోసేవాడు, గనిలో వంగి తవ్వేవాడు దాన్ని తల మీద నిలుపుకోలేడు. ఒంటి పని చేయనక్కర్లేని మనిషినని నోరు విప్పకుండా చాటుకోవడమే దాని ఉపయోగం. మన ఊళ్ళలో నలగని తెల్ల పంచె చెప్పేదీ అదే కదా.

ఎత్తు కూడా కలిసొచ్చేది. 1857లో గ్రేట్ ఈస్టర్న్ ఓడ గొలుసుల ముందు తీసిన ఇంజనీరు బ్రూనెల్ ఫోటో చూడండి. ఆయన పొట్టి మనిషి, టోపీ మాత్రం పొడుగు. 1829లో మొదలైన లండన్ పోలీసులకూ మొదట్లో అదే టోపీ ఇచ్చారు. తర్వాత గుమాస్తాలు, బండి తోలేవాళ్ళు కూడా పెట్టుకోవడంతో, అసలు దొర ఎవరో టోపీ మెరుపును బట్టి పోల్చుకోవాల్సి వచ్చింది.

ఆ దర్జా ఖరీదు వేరేవాళ్ళు చెల్లించారు. మొదట్లో వీటిని ఉత్తర అమెరికా బీవర్ల బొచ్చుతో చేసేవారు. చవక రకాలకు కుందేలు బొచ్చు. ఆ బొచ్చు బాగా అతుక్కోవడానికి పాదరసం కలిసిన ద్రావణం పూసేవారు. గాలి ఆడని గదుల్లో ఆ ఆవిరి పీల్చి కార్మికులకు చేతులు వణికేవి, పళ్ళు ఊడేవి, మనసు చెదిరేది. టోపీలు చేసేవాడిలా పిచ్చెక్కిందనే ఇంగ్లీషు నానుడికి ఇదే మూలమని చాలామంది అంటారు. 1865లో వచ్చిన ఆలిస్ కథలోని హ్యాటర్‌ని చూసి మన పిల్లలు నవ్వుతారు. అమెరికా టోపీల ఫ్యాక్టరీల్లో పాదరసం వాడకం ఆగడానికి 1941 దాకా పట్టింది.

శతాబ్దం మధ్యకొచ్చేసరికి పట్టు టోపీ వచ్చింది. రాణి భర్త ఆల్బర్ట్ పెట్టుకోవడంతో దానికి గిరాకీ పెరిగింది, బీవర్లు కాస్త ఊపిరి పీల్చుకున్నాయి. బట్టకు లక్క పట్టించి గట్టిపరిచి, దాని మీద నిగనిగలాడే పట్టు అతికించేవారు. లక్క ఎక్కువగా మన దేశం నుంచే వెళ్ళేది. హైదరాబాద్ లాడ్ బజార్‌లో మన గాజులకు వాడే లక్కే! లోపలి లైనింగు, చుట్టూ రిబ్బను కుట్టే పని ఎక్కువగా ఆడవాళ్ళది. వాళ్ళకిచ్చే కూలి మగవాళ్ళ కూలి కంటే తక్కువ.

మన భాషలో టోపీ పెట్టడమంటే మోసం చేయడం. ఈ చరిత్ర చదివాక ఆ మాట నాకు ఇంకా బాగా నచ్చింది.

ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్ళకు స్టాక్‌పోర్ట్‌లో హ్యాట్ వర్క్స్ మ్యూజియం ఉంది. పిల్లల్ని తీసుకెళ్తే అద్దాల వెనక ఉన్న టోపీలతో పాటు, వాటిని చేసిన యంత్రాలు, చెక్క అచ్చులు కూడా చూపించండి.