లోకల్‌హోస్ట్‌లో వస్తోంది, ఫోన్‌లో రావట్లేదా? ముందు ఎర్రర్ మెసేజ్ చదవండి

సర్వర్ ఆన్‌లోనే ఉంది. అదే ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరిచి లోకల్‌హోస్ట్ అని కొడితే పేజీ టక్కున వస్తుంది. పక్కనే ఉన్న ఫోన్‌లో, అదే వైఫైలో, ఐపీ అడ్రస్ కొడితే మాత్రం రాదు. పాత ల్యాప్‌టాప్‌లో జెల్లీఫిన్ పెట్టుకుని టీవీలో సినిమాలు చూద్దామనుకునే వాళ్లకీ, కాలేజీ ప్రాజెక్ట్‌ని ఫోన్‌లో చూపించాలనుకునే వాళ్లకీ ఎదురయ్యే సమస్య ఇదే.

దీనికి నెట్‌లో ఎక్కువగా దొరికే సలహాలు రెండు. ఫైర్‌వాల్ మొత్తం ఆఫ్ చేయండి, లేదంటే రౌటర్ రీసెట్ కొట్టండి. నన్నడిగితే రెండూ వద్దు. ఫైర్‌వాల్ ఆపేస్తే ఈ ఒక్క సర్వరే కాదు, ల్యాప్‌టాప్‌లో తెరిచి ఉన్న ప్రతి పోర్టూ ఆ నెట్‌వర్క్‌లోని అందరికీ అందుతుంది. రేపు రైల్వే స్టేషన్ వైఫైకి కనెక్ట్ అయినప్పుడు కూడా అది ఆఫ్‌లోనే ఉంటుంది. ఇక రౌటర్ రీసెట్ చేస్తే చాలా ఇళ్లలో బ్రాడ్‌బ్యాండ్ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కూడా చెరిగిపోతాయి. మళ్లీ నెట్ వాళ్ల మనిషి వచ్చేదాకా ఇంట్లో అందరూ మిమ్మల్నే చూస్తుంటారు.

అసలు తప్పు ఎక్కడుందో ఎర్రరే చాలావరకు చెప్పేస్తుంది. దాన్ని ఎలా చదవాలో చూద్దాం. ఒక మాట, కింద కమాండ్‌లు తెలుగులో రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు మాత్రం ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లో కొట్టండి.

ముందు అడ్రస్ సరైనదేనా?

కరెంటు పోయి వచ్చాక రౌటర్ రీస్టార్ట్ అవుతుంది. నిన్న 192.168.1.8 ఉన్న ల్యాప్‌టాప్‌కి ఈరోజు 192.168.1.11 ఇచ్చి ఉండొచ్చు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ కొట్టండి. వర్చువల్‌బాక్స్, డబ్ల్యూఎస్ఎల్ లాంటివి ఉంటే అక్కడ మూడు నాలుగు అడ్రస్‌లు కనిపిస్తాయి. ఏది తీసుకోవాలో అర్థం కాకపోతే, డిఫాల్ట్ గేట్‌వే ఎదురుగా ఖాళీ కాకుండా అడ్రస్ ఉన్న అడాప్టర్ ఐపీని తీసుకోండి. అడ్రస్ 169.254తో మొదలైతే రౌటర్ అసలు ఐపీ ఇవ్వలేదని అర్థం. అప్పుడు సర్వర్ సంగతి తర్వాత, ముందు వైఫై లేదా కేబుల్ సంగతి చూడాలి.

టెస్ట్ చేయడానికి టీవీ యాప్ వాడకండి. అది "సర్వర్ దొరకలేదు" అని ఒక్కటే చెప్తుంది. ఫోన్ బ్రౌజర్‌లో హెచ్‌టీటీపీతో మొదలుపెట్టి ఐపీ, కోలన్, పోర్ట్ నంబర్ మొత్తం కొట్టండి. జెల్లీఫిన్ అయితే పోర్ట్ 8096.

మూడు ఎర్రర్లు, మూడు చోట్లు

క్రోమ్‌లో "రిఫ్యూజ్డ్ టు కనెక్ట్" అని వెంటనే వస్తే అది నిజానికి మంచి వార్త. ఫోన్ పంపిన ప్యాకెట్ ల్యాప్‌టాప్ దాకా వెళ్లింది, అక్కడి నుంచి "ఈ పోర్ట్‌లో ఎవరూ లేరు" అని జవాబు కూడా వచ్చింది. వైఫై బాగానే ఉంది, రౌటర్ బాగానే ఉంది. సర్వర్ ఆగిపోయి ఉండాలి, పోర్ట్ నంబర్ తప్పై ఉండాలి, లేదా సర్వర్ 127.0.0.1 మీద మాత్రమే వింటూ ఉండాలి.

ఈ చివరిది స్టూడెంట్స్‌కి బాగా తగులుతుంది. 127.0.0.1 అంటే ఆ మెషీన్ తనతో తాను మాట్లాడుకునే అడ్రస్. ఫ్లాస్క్, జాంగో, వీట్ డెవలప్‌మెంట్ సర్వర్లు డిఫాల్ట్‌గా దాని మీదే కూర్చుంటాయి. బయటి నుంచి ఎవరూ రాకూడదనే అలా పెట్టారు, అది బగ్ కాదు. విండోస్‌లో నెట్‌స్టాట్ -ఏఎన్ఓ, లినక్స్‌లో ఎస్ఎస్ -ఎల్‌టీఎన్ కొట్టి మీ పోర్ట్ ఉన్న లైన్ చూడండి. దాని ముందు 127.0.0.1 ఉంటే బయటికి కనబడదు, 0.0.0.0 ఉంటే అన్ని అడ్రస్‌ల మీదా వింటోందని. సర్వర్ స్టార్ట్ చేసేటప్పుడు హోస్ట్ 0.0.0.0 అని ఇస్తే సరిపోతుంది.

రెండోది "టుక్ టూ లాంగ్ టు రెస్పాండ్". గుండ్రంగా తిరిగి తిరిగి చివరికి వస్తుంది. ఇక్కడ ఎవరో ప్యాకెట్‌ని చప్పుడు లేకుండా పడేస్తున్నారు. ఎక్కువసార్లు అది ల్యాప్‌టాప్‌లోని ఫైర్‌వాలే. ఒక మెలిక ఉంది. విండోస్ ఫైర్‌వాల్ ఖాళీ పోర్ట్‌కి కూడా "ఎవరూ లేరు" అని చెప్పదు, మౌనంగా ఉంటుంది. అందుకే సర్వర్ విండోస్ మెషీన్‌లో ఉంటే, రిఫ్యూజ్డ్ రావాల్సిన చోట కూడా టైమౌటే రావచ్చు. నెట్‌స్టాట్ ముందు చూసి, తర్వాతే ఫైర్‌వాల్‌ని అనుమానించండి.

విండోస్‌లో వైఫై ప్రొఫైల్ పబ్లిక్ అని ఉందా, ప్రైవేట్ అని ఉందా చూడండి. ఇంటి వైఫై అయితే ప్రైవేట్ చేయండి. అప్పటికీ రాకపోతే మీ పోర్ట్ ఒక్కదానికి ఇన్‌బౌండ్ రూల్ పెట్టండి, అదీ ప్రైవేట్‌కి మాత్రమే. రెండు నిమిషాల పని.

మూడోది "అన్‌రీచబుల్". ఫోన్ ఆ ఐపీ ఎవరిదని అడిగింది, ఎవరూ పలకలేదు. ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్లి ఉండొచ్చు, ఐపీ మారి ఉండొచ్చు, లేదా మధ్యలో వైఫై అడ్డుకుంటూ ఉండొచ్చు.

చాలామంది ఇక్కడ పింగ్ కొట్టి, జవాబు రాకపోతే మెషీనే లేదని తేల్చేస్తారు. విండోస్ డిఫాల్ట్‌గా పింగ్‌కి జవాబివ్వకపోవచ్చు, కాబట్టి అది సాక్ష్యం కాదు. ఇంకో కంప్యూటర్ ఉంటే దాని నుంచి పింగ్ కొట్టి, వెంటనే ఆర్ప్ -ఏ కొట్టండి. ఆ లిస్ట్‌లో సర్వర్ ఐపీ పక్కన మ్యాక్ అడ్రస్ కనిపిస్తే, పింగ్ ఫెయిలైనా సరే, మెషీన్ అందుతోంది, అడ్డు ఫైర్‌వాలే. మ్యాక్ అడ్రస్ లేకపోతే సమస్య అంతకంటే ముందే ఉంది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చిన కమాండ్ ఇదే.

వైఫై ఒకటే, కానీ కలవనివ్వదు

మొన్న మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ డెమోకి ఇంకా రెండు గంటలుంది. "అన్నయ్యా, హాస్టల్ రూమ్‌లో హాట్‌స్పాట్‌తో బాగానే వచ్చింది. ల్యాబ్ వైఫైలో ఫోన్‌కి రావట్లేదు. టీమ్‌లో వాళ్లు కోడ్ మారుద్దామంటున్నారు." కోడ్ ముట్టుకోవద్దన్నాను. నెట్‌స్టాట్‌లో 0.0.0.0 ఉంది. ఇంకో ల్యాప్‌టాప్ నుంచి పింగ్ కొట్టి ఆర్ప్ చూడమంటే లిస్ట్‌లో గేట్‌వే ఒక్కటే కనిపించింది, పక్క టేబుల్ మీదున్న తన ల్యాప్‌టాప్ లేదు.

అది క్లయింట్ ఐసొలేషన్. కాలేజీలు, ఆఫీసులు, హోటళ్లలో కావాలనే పెడతారు. ప్రతి డివైస్‌కీ ఇంటర్నెట్ ఉంటుంది, ఒకదానికొకటి మాత్రం కనబడవు. మీ వైపు నుంచి ఏ సెట్టింగ్ మార్చినా ఫలితం ఉండదు. తను ఫ్రెండ్ ఫోన్ హాట్‌స్పాట్‌కి మారింది. విండోస్ ఆ కొత్త నెట్‌వర్క్‌ని మళ్లీ పబ్లిక్‌గా పెట్టుకోవడంతో మొదట టైమౌట్ వచ్చింది. ప్రైవేట్ చేసి, కొత్త ఐపీ కొడితే పేజీ వచ్చింది. డెమో అయింది. ఎగ్జామినర్ ఫోన్ వైపు చూడనే లేదట, అది వేరే సంగతి.

ఇంట్లో గెస్ట్ వైఫై కూడా ఇలాగే ప్రవర్తిస్తుంది. ఇంకో ఇంటి కేసు, రెండు రౌటర్లు. నెట్ వాళ్లిచ్చిన ఫైబర్ బాక్స్ ఒకటి, రేంజ్ చాలక కొన్నది ఇంకొకటి. లోపలి రౌటర్ కింద ఉన్న ఫోన్ బయటి బాక్స్ కింద ఉన్న సర్వర్‌ని అందుకోగలదు, తిరగేస్తే కుదరదు. ఒక వైపు నుంచి వస్తుంది, ఇంకో వైపు నుంచి రాదు అంటే దీన్నే అనుమానించండి. రెండో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెడితే అంతా ఒకే నెట్‌వర్క్ అవుతుంది.

ఫోన్‌లో వీపీఎన్ ఆన్‌లో ఉంటే ఆపి చూడండి. ఐఫోన్‌లో బ్రౌజర్‌లో వచ్చి యాప్‌లో రాకపోతే, సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద లోకల్ నెట్‌వర్క్ పర్మిషన్ ఆ యాప్‌కి ఉందో లేదో చూడాలి. ఐఓఎస్ 14 నుంచి ఇది ఉంది. డబ్ల్యూఎస్ఎల్ 2లో సర్వర్ నడిపే వాళ్లకి ఇంకో అడ్డు ఉంది. డిఫాల్ట్‌గా అది విండోస్ వెనకాల వేరే నెట్‌వర్క్‌లో ఉంటుంది, అందుకే లోకల్‌హోస్ట్‌లో వచ్చి ఫోన్‌లో రాదు. విండోస్ 11లో 22హెచ్2 నుంచి ఉన్న మిర్రర్డ్ నెట్‌వర్కింగ్ మోడ్ పెట్టుకుంటే ఈ వేరు నెట్‌వర్క్ గొడవ పోతుంది. ఫైర్‌వాల్ రూల్ మాత్రం అప్పటికీ అవసరం కావచ్చు.

అన్నీ కుదిరాక రౌటర్ పేజీలో డీహెచ్‌సీపీ రిజర్వేషన్‌లో సర్వర్ మ్యాక్ అడ్రస్‌కి ఒక ఐపీ ఫిక్స్ చేసేయండి, కరెంటు పోయినా మారదు. ఇంట్లో వాడుకోవడానికి పోర్ట్ ఫార్వర్డింగ్ అక్కర్లేదు. ఎవరైనా వీడియోలో అది చేయమంటే ఆ వీడియో అక్కడితో ఆపేయండి. ఊరెళ్లినప్పుడు కూడా ఇంటి సర్వర్ కావాలంటే టెయిల్‌స్కేల్ లాంటిది వాడుకోవచ్చు, రౌటర్‌లో ఏ పోర్టూ తెరవాల్సిన పని ఉండదు.