డాక్టరు గారిని ఆపే నర్సు

ఐసీయూలో రోగి పెద్ద రక్తనాళంలోకి సన్నటి గొట్టం పెడతారు. మందులు వెళ్లేది దాని గుండానే. శుభ్రత లోపిస్తే సూక్ష్మక్రిములు రక్తంలోకి చొరబడేదీ దాని గుండానే.

దీన్ని అడ్డుకోవడానికి, అప్పట్లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో వైద్యాచార్యుడిగా ఉన్న పీటర్ ప్రొనోవోస్ట్ ఐదు పనుల పట్టిక తయారుచేశారు. చేతులు కడుక్కోవాలి. చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో తుడవాలి. మాస్కు, టోపీ, గౌను, గ్లౌజులు వేసుకుని రోగి ఒంటిపై స్టెరైల్ గుడ్డ కప్పాలి. వీలైతే తొడ దగ్గర గొట్టం పెట్టకూడదు. అవసరం తీరగానే తీసేయాలి. ఇందులో డాక్టర్లకు తెలియనిది ఒక్కటీ లేదు. కొత్తదల్లా ఏ మెట్టు తప్పినా డాక్టరును ఆపే అధికారం నర్సుకు ఇవ్వడమే. మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూల్లో అమలు చేస్తే, ఈ ఇన్ఫెక్షన్లు 66 శాతం దాకా తగ్గినట్టు 2006లో వెల్లడైంది.

పెద్ద డాక్టరు ముందు నోరు విప్పడం అంత తేలికా? హార్వర్డ్ ఆచార్యురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రి బృందాలను పరిశీలించారు. మంచి బృందాల్లో మందుల పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంటే, లెక్కల్లో ఎక్కువే తేలాయి. ఆరా తీస్తే, అక్కడివాళ్లు తప్పుల్ని దాచకుండా చెబుతున్నారు!

హార్వర్డ్ సర్జన్ అతుల్ గవాండే బృందం ఆపరేషన్ థియేటర్‌కూ 19 అంశాల పట్టిక తెచ్చింది. నోరు విప్పడం తేలికయ్యేలా, కత్తి పెట్టేముందు అందరూ పేరు, పని చెప్పుకోవాలి. న్యూఢిల్లీ సహా 8 నగరాల్లో ప్రయోగిస్తే మరణాలు 1.5 నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రకటించారు. కెనడాలోని ఒంటారియోలో మాత్రం 101 ఆసుపత్రుల్లో ఇదే పట్టిక వాడినా మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2014లో తేలింది.