కూలివారి బిడ్డలు ఆడిన సిపాయి నాటకం

వీధినాటకం మన తెలుగువారికి కొత్త కాదు. తెరలు, మేడలు లేకున్నా ఊరి నడుమ దివిటీల వెలుగులో కథ నడిపిన జాతి మనది. అటువంటి నాటకాన్నే అమెరికాలో పొలం కూలీల బిడ్డలు ఆడారు. వారు చెప్పింది రాజుల కథ కాదు, యుద్ధానికి పోయిన తమ ఇంటి కుర్రవాని కథ. మన యువతీయువకులు ఆ సంగతి తెలుసుకోవాలని ఇక్కడ వ్రాస్తున్నాం.

1965లో కాలిఫోర్నియాలోని డెలానో ద్రాక్షతోటల్లో కూలీలు సమ్మె చేశారు. మొదట ఫిలిప్పీను కూలీలు పని మానారు. తరువాత సీజర్ చావెజ్ నాయకత్వాన మెక్సికో సంతతివారు కలిశారు. ఆ సమ్మెలోనే లూయిస్ వాల్డెజ్ అనే యువకుడు ‘ఎల్ తియాత్రో కాంపెసినో’, అనగా పొలం కూలీల నాటకశాలను స్థాపించాడు. అతడూ 1940లో డెలానోలో వలస కూలీల ఇంట పుట్టినవాడే. నటులు కూలీలు, రంగస్థలం లారీ బల్ల. దొర ఎవరో, సమ్మెకారుడు ఎవరో తెలియడానికి మెడలో అట్టముక్క తగిలించుకునేవారు. నాటిక పావుగంటలో ముగిసేది.

అది వియత్నాం యుద్ధకాలం. కాలేజీ విద్యార్థికి నిర్బంధ సైనిక సేవ వాయిదా పడేది. కూలివాని బిడ్డకు కాలేజీ ఎక్కడిది? అందుకే ఈ బృందం 1970లో ‘వియత్నాం కాంపెసినో’, 1971లో ‘సోల్దాదో రాసో’ అనే నాటికలు ఆడింది. రెండవ పేరుకు సామాన్య సిపాయి అని అర్థం.

అందులో జానీ అనే కుర్రవాడు వియత్నాంకు బయలుదేరుతున్నాడు. తల్లి వంట చేస్తుంది, తండ్రి గర్వపడతాడు, తమ్ముడు మురిసిపోతాడు. కథ చెప్పేది మృత్యువు. మన యముడి వేషం వంటిదనుకోండి. అది వారి నడుమనే తిరుగుతూ జానీ ముఖానికి తెల్లరంగు పులుముతుంది. ఇంటివారికి ఆ రంగు కనబడదు, చూసేవారికి కనబడుతుంది. చివరకు జానీ తల్లికి జాబు వ్రాస్తాడు. అక్కడి గుడిసెలో తాను కాల్చినవారు తన తల్లి, తండ్రి, తమ్ముడే అయినట్లు కల వచ్చిందని అందులో చెబుతాడు. అంతలో అతడూ కూలిపోతాడు.

సేనాపతులు లేకుండానే యుద్ధమంతా ఒక వంటింట్లో తెలిసిపోయింది. దాని బలం అదే.

ఇక మన సంగతి. 1899లో నేటాలులో బోయర్ యుద్ధం వచ్చినపుడు గాంధీగారు గాయపడినవారిని మోసే దళం కూర్చారు. సుమారు 1,100 మందిలో స్వతంత్రులు 300 మందే. తక్కినవారందరూ గిర్మిట్ కూలీలు. మద్రాసు ఓడలెక్కి నేటాలు చేరినవారిలో మన తెలుగువారూ ఉన్నారు. నాయకుల ఫొటోలు పుస్తకాల్లో చూస్తున్నాం. డోలీ మోసినవాడు ఇష్టపడి వెళ్లాడా, దొర పంపితే వెళ్లాడా? ఆ రాత్రి భార్యతో ఏమన్నాడు? ఈ మాట మన పిల్లలు ఇంకా అడగలేదు.

అడిగితే అదే నాటకమవుతుంది. దానికి ఒక బల్ల, నాలుగు అట్టముక్కలు, ఇంటి అవ్వ దగ్గర కూర్చుని వినే ఓపిక చాలు. మన యువకులు పూనుకుంటారని ఆశిస్తున్నాం.