పటం లేని లోగో

విదేశాల్లో చిన్న తెలుగు సంఘాల లోగోలు కొన్ని పక్కపక్కన పెట్టి చూడండి. ఓ పూర్ణకుంభం, ఓ దీపం, వెనకాల ఆంధ్రప్రదేశ్ పటం, చుట్టూ గుండ్రంగా ఇంగ్లీషులో సంఘం పేరు. ఇంగ్లండులో మేముండే ఊరి సంఘానిదీ అదే వరస. ఏడాదికి రెండు పండగలు, ఆదివారం పిల్లలకు తెలుగు బడి, రెండు బీరువాల పుస్తకాలు. సంఘమంటే అంతే. దాని లోగో, వెబ్‌సైటు మార్చే పని నాతో కలిపి ముగ్గురి మీద పడింది. ఎనిమిది నెలలు పట్టింది. అందులో రంగులకూ అక్షరాలకూ పోయింది కొంతే. మిగతా కాలమంతా పటం ఉండాలా వద్దా అన్నదానికే సరిపోయింది.

అది 1956 నవంబరు 1న ఏర్పడిన రాష్ట్రం పటం. 2014 జూన్ 2 తర్వాత ఆ ఆకారంలో రాష్ట్రమే లేదు. మా రసీదు పుస్తకం మీద మాత్రం ఉంది. ఎవరూ పట్టుబట్టి ఉంచలేదు, తీయడానికి ఎవరూ పూనుకోలేదు, అంతే. వరంగల్ నుంచి వచ్చిన ఒకావిడ పిల్లల్ని బడికి పంపేది గానీ సభ్యత్వం తీసుకోలేదు. ఎందుకని అడిగితే నవ్వుతూనే, "ఆ బొమ్మల మా రాష్ట్రమేది అన్నా?" అంది.

ఇంకోపక్క, సంఘం పెట్టినవాళ్ళలో పెద్దాయన. గుంటూరు జిల్లా మనిషి. "అది నేను పెన్సిలుతో గీసిన బొమ్మ నాయనా. జిరాక్సు కాపీకి పెన్నీలు లెక్కపెట్టుకున్న రోజులవి. అది తీసేస్తే మేం చేసిందంతా తుడిచేసినట్టు కాదూ?" అన్నారు. ఇద్దరి మాటా నిజమే. ఈ చిక్కు ఏ కంప్యూటర్లోనూ తేలేది కాదు.

రెండు రాష్ట్రాల పటాలూ పక్కపక్కన పెడదాం అన్నారొకరు. న్యాయంగానే వినిపించింది. కానీ మా బడికి వచ్చేవాళ్ళలో హోసూరు కుటుంబం ఒకటుంది, బళ్ళారి వాళ్ళున్నారు. మారిషస్ తెలుగావిడ కూడా ఉంది. ఆవిడ పూర్వీకులు చెరకు తోటల పనికి ఓడెక్కింది 19వ శతాబ్దంలో, మన పటాలేవీ పుట్టకముందే. రెండు పటాలు పెట్టినా వీళ్ళంతా గీతకు బయటే ఉంటారు. అక్కడ చర్చ మలుపు తిరిగింది. మనది రాష్ట్రం సంఘమా, భాష సంఘమా? భాషదే అయితే గుర్తు కూడా భాషలోంచే రావాలి.

దారి చూపించింది బడి పిల్లలు. తలకట్టును వాళ్ళు 'టిక్కు' అంటారు. ఇక్కడి స్కూల్లో జవాబు సరైనదైతే టీచరు పెట్టే గుర్తు అదే కదా! 'త' రాయమంటే, "టిక్కు పెట్టాలి కదా టీచర్?" అని అడుగుతారు. అలా మా కొత్త లోగో ఒక 'త' అయింది. అక్షరం ముదురు నీలం, తలకట్టు ఒక్కటీ పసుపు. బ్రౌజర్ ట్యాబులో కనిపించే చిన్న బొమ్మకు చాలాసార్లు దొరికే చోటు 16 పిక్సెళ్ళే. పాత కుంభం అక్కడ మచ్చలా కనిపించేది. తలకట్టు మాత్రం అంత చిన్నదైనా గుర్తుపట్టేలా ఉంది.

వెబ్‌సైటు కథ వేరు. పాత పేజీల్లో తెలుగు సగం బొమ్మల రూపంలో ఉండేది, మిగతా సగం డీటీపీ కోసం చేసిన అను ఫాంట్లలో. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వచ్చేవి. బొమ్మలో ఉన్న తెలుగు వెతికితే దొరకదు, ఫోనులో పెద్దది చేస్తే అలుక్కుపోతుంది, చూపు లేనివాళ్ళకు చదివిపెట్టే సాఫ్ట్‌వేరుకు అందడం కష్టం. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది. కాబట్టి పాత వ్యాసాలన్నీ యూనికోడ్‌లోకి మార్చి, తప్పులు దిద్దుకున్నాం. ఎక్కువ ఓపిక కావలసింది ఈ పనికే. శీర్షికలకు రామభద్ర, మిగతా పాఠానికి నోటో సాన్స్ తెలుగు వాడాం. రెండూ ఉచితమే.

దొరికే రెడీమేడ్ డిజైన్లు చాలావరకు ఇంగ్లీషును చూసి కొలిచి కుట్టినవి. మన అక్షరానికి పైన గుడి ఉంటుంది, కింద ఒత్తు ఉంటుంది. 'రాష్ట్రం' అన్న మాట కింద లైనులో 'స్త్రీ' వస్తే రెండూ గుద్దుకుంటాయి. అందుకని లైన్ల మధ్య ఎడం పెంచాం. పోస్టర్లు చేసే కొన్ని సాఫ్ట్‌వేర్లలో భారతీయ లిపుల సెట్టింగు విడిగా పెట్టుకోవాలి, లేకపోతే ఒత్తులు ఊడిపోయి పక్కన నిలబడతాయి. మీరు ఏ డిజైనరుకైనా పని అప్పగిస్తుంటే ముందు 'సంక్రాంతి శుభాకాంక్షలు' అని టైపు చేయించి చూడండి.

మొదటి పేజీలో అధ్యక్షుల సందేశం, కార్యవర్గం ఫొటోలు ఉండేవి. అక్కడికి వచ్చేవాళ్ళకు కావలసినవి మూడే: బడి ఎన్నింటికి, పండగ ఎక్కడ, ఫలానా పుస్తకం ఉందా. ఆ మూడూ పైన పెట్టి ఫొటోల్ని లోపలి పేజీకి పంపాం. కొంత సణుగుడు తప్పలేదు.

పెద్దాయన బొమ్మను పారేయలేదు. 'మా చరిత్ర' అన్న పేజీలో, ఆయన గీసిన అసలు కాగితాన్ని స్కాన్ చేసి, పేరుతో సహా పెట్టాం. దాని కింద వివరం ఆయనే రాసిచ్చారు. కొత్త లోగో నచ్చిందని మాత్రం ఆయన ఇప్పటికీ అనలేదు. వరంగల్ ఆవిడ దగ్గర ఇప్పుడు పుస్తకాల బీరువా తాళాలుంటున్నాయి. ఏదో బ్యాంకు గుర్తులా ఉందని పెదవి విరిచినవాళ్ళూ ఉన్నారు.

మీ సంఘంలోనూ ఇలాంటి పని మొదలుపెడుతుంటే రంగుల గురించి ఓటింగు తర్వాత పెట్టుకోవచ్చు. ఇప్పుడున్న బొమ్మలో తాము లేమనుకుంటున్నది ఎవరో ముందు కనుక్కోండి. అది గీసినవాళ్ళు ఇంకా మీ మధ్య ఉంటే వాళ్ళింటికెళ్ళి కూర్చుని మాట్లాడండి. ఇంకొకటి. వెబ్‌సైటు పాస్‌వర్డులు కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి. మా డొమైను ఎప్పుడో హైదరాబాదు వెళ్ళిపోయిన ఒకాయన పేరు మీద ఉంది. దాన్ని మా చేతికి తెచ్చుకోవడానికే ఆరు వారాలు పట్టింది.