తాళం గట్టిదే, చెవి చేసిన తీరే లోపం

ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో తెలుగు మాట కొత్త కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి పనికి వచ్చిన కుటుంబాల వారసులు ఈ రైల్వే పట్నంలో ఇప్పటికీ ఉన్నారు. ఇక్కడి కాంట్రాక్టరు టెండరు వేయాలంటే కంప్యూటరుకు యూఎస్‌బీ టోకెన్ తగిలించి డిజిటల్ సంతకం పెట్టాలి. రక్షణ శాఖ ఈ-టెండర్లలో సరఫరాదారులు పెట్టేదీ ఆ తరహా సంతకమే. ఎక్కువగా దానికి కాపలా రెండు ప్రధాన సంఖ్యలు.

1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ కనిపెట్టిన ఆర్‌ఎస్‌ఏ పద్ధతి ఇది. మూడు వందలకు పైగా అంకెలున్న రెండు ప్రధాన సంఖ్యలను గుణించి, లబ్ధాన్ని లోకానికి చెబుతారు, ఆ రెంటినీ దాచుకుంటారు. గుణించడం క్షణాల పని. లబ్ధం నుంచి వెనక్కి రావడమే అసాధ్యం. 2020లో పరిశోధకులు విడగొట్టగలిగింది 250 అంకెల సంఖ్య. నేడు వాడే లబ్ధానికి 617 అంకెలు. ఒక సంఖ్య ప్రధానమా కాదా అని తేల్చడం మాత్రం సులువే. అందుకు కచ్చితమైన వేగవంతమైన పద్ధతి ఉందని 2002లో నిరూపించింది మన కాన్పూర్ ఐఐటీ: మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా. (రోజువారీ పనికి వాడేది ఇంకా వేగమైన వేరే పరీక్షలు.)

అయితే పెద్ద సంఖ్య అయితే చాలా? 2024 అక్టోబరులో దొరికిన అతిపెద్ద ప్రధాన సంఖ్యలో 4,10,24,320 అంకెలున్నాయి. రహస్యానికి అది కొరగాదు, ఎందుకంటే అది అందరికీ తెలుసు. కావలసింది ఎవరూ ఊహించలేని సంఖ్య. వాటికి కొరతా లేదు: 308 అంకెల స్థాయిలో సగటున 700 సంఖ్యలకు ఒకటి ప్రధానమే.

అంత సంపద ఉన్నా ఎస్టోనియా దెబ్బతింది. ఆ దేశ గుర్తింపు కార్డుల్లో ఇన్ఫినియన్ సంస్థ చిప్పు ఉండేది. భద్రతా ధ్రువపత్రాలున్న చిప్పే. కానీ ప్రధాన సంఖ్యలను త్వరగా తయారు చేయడానికి దాని సాఫ్ట్‌వేర్ ఒక ప్రత్యేక రూపంలో ఉన్నవాటినే ఎంచుకునేది. అవి నిజమైన ప్రధాన సంఖ్యలే, అంకెలకూ తక్కువ లేదు. వెతకాల్సిన చోటు మాత్రం కుంచించుకుపోయింది. బయట కనిపించే లబ్ధాన్ని చూస్తేనే అది ఈ చిప్పు సరుకని పసిగట్టవచ్చని చెక్ దేశపు మసరిక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో బయటపెట్టారు. ఆ నవంబరులో సుమారు 7.6 లక్షల కార్డుల డిజిటల్ ధ్రువపత్రాలను ఎస్టోనియా నిలిపివేసింది. శత్రువు ఒక్క తూటా పేల్చలేదు.

న్యూ సెటిల్‌మెంట్ ఉన్న ఊళ్లోనే ఇంకో ప్రమాదంపై పరిశోధన సాగుతోంది. సమరయోధులను బంధించిన హిజ్లీ శిబిరం భవనంలో 1951లో మొదలైన ఐఐటీలో దేబ్‌దీప్ ముఖోపాధ్యాయ్ బృందం, చిప్పు లెక్క చేస్తున్నప్పుడు వాడే కరెంటులోని చిన్న హెచ్చుతగ్గుల నుంచి రహస్యం ఎలా లీకవుతుందో, ఎలా ఆపాలో పరిశీలిస్తోంది. ఆయనకు 2021లో భట్నాగర్ పురస్కారం వచ్చింది. ఈ దాడికి లబ్ధాన్ని విడగొట్టే పనే లేదు. అందుకే టోకెన్ల కొనుగోలు పత్రంలో ‘2048 బిట్లు’ అని రాసి ఊరుకుంటే చాలదు. సంఖ్యలు ఎలా పుడుతున్నాయో, కరెంటు తీరు ఏం చెబుతోందో మన ల్యాబుల్లోనే పరీక్షించాలి.

పెద్ద క్వాంటమ్ కంప్యూటరు వస్తే ఆర్‌ఎస్‌ఏ కూలుతుందని 1994లోనే పీటర్ షోర్ చూపారు. ప్రధాన సంఖ్యలపై ఆధారపడని కొత్త ప్రమాణాలను అమెరికా 2024 ఆగస్టులో ప్రకటించింది. వాటి రహస్యాలూ ఏదో ఒక చిప్పులోనే పుట్టాలి.