డిస్కు డ్రైవును మార్చుట ఎప్పుడు యుక్తము?
బీదరు తెలుగు ఇండ్లలోని సీడీలను గూర్చి

బీదరులో మహమూద్ గవాను 1472లో కట్టించిన మదరసాయందు ఒకప్పుడు వేలకొలది వ్రాతప్రతులుండెడివని చరిత్రకారులు చెప్పుదురు. 1696లో సంభవించిన పేలుడులో ఆ భవనమున కొంతభాగము, ముందరి మీనారులలో ఒకటి కూలిపోయినవి. గోడలపై రంగుల పెంకుపలకలు కొన్ని నేటికిని నిలిచియున్నవి. గ్రంథములు మాత్రము నిలువలేదు. ఈ పట్టణమునందలి తెలుగు కుటుంబముల అలమారలలో నేడు మరియొక విధమైన భాండాగారము కలదు. అది పెండ్లి సీడీలు, బారసాల డీవీడీలు, పిల్లల నాటకముల రికార్డులు, సంచికలకై టైపు చేయించి దాచిన వ్యాసములు. ఈ జిల్లా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున నుండి, ఆ యేడు నవంబరు 1వ తేదీన మైసూరు రాష్ట్రమున చేరినది. నాటినుండి తెలుగు ఇచ్చట ముఖ్యముగా ఇంటిభాష. ఇంట రికార్డయిన అమ్మమ్మ పాట పోయినచో బజారున కొనితెచ్చుకొనుటకు వీలులేదు.

ఇట్టి డిస్కును కంప్యూటరులో పెట్టగా అది గుర్రుమని తిరిగి, ఏమియు చూపక బయటికి వచ్చినప్పుడు, డ్రైవును మార్చవలెనా, మెరుగైనదానిని కొనవలెనా, లేక ఆ సంగతియే మరచిపోవలెనా యను ప్రశ్న పుట్టును. ఉత్తరము చెప్పుటకు ముందు డిస్కు ఎట్లు పనిచేయునో కొంత తెలియవలెను.

సీడీ 1982లో విపణికి వచ్చినది. 1.2 మిల్లీమీటర్ల మందము గల ప్లాస్టిక్కు బిళ్ల, దానిపై అద్దమువంటి పలుచని లోహపు పూత, దానిమీద వార్నీషు. అడుగునుండి లేజరు కిరణము ప్లాస్టిక్కును దాటి పోయి లోహమును తాకి మరలివచ్చును. ఆ మరలివచ్చిన వెలుతురు హెచ్చుతగ్గులే అక్షరములు, స్వరములు, బొమ్మలు. దుకాణములో అమ్ము సినిమా సీడీలలో ఈ గుర్తులు అచ్చువేసిన గుంటలు. మనము ఇంట వ్రాసికొనిన సీడీలలో నైతే అవి ఒక రంగుద్రవ్యముపై లేజరు కాల్చిన మచ్చలు. అచ్చువేసినది దీర్ఘకాలము నిలుచును; రంగుద్రవ్యము ఎండకు, వేడికి వెలిసిపోవును. పెండ్లి డిస్కులన్నియు ఈ రెండవ జాతివే.

వ్రాయుటకు వాడు డిస్కులలో లోహపు పూత తరచుగా వెండి. బీదరు వారికి వెండి సంగతి చెప్పనక్కరలేదు. బిద్రీ పాత్రలో పొదిగిన వెండి నల్లబడినచో తుడిచి మెరుగు పెట్టవచ్చును. డిస్కులోని వెండి వెండ్రుకకంటె ఎన్నోరెట్లు పలుచన. అది చెడినదా, తుడుచుటకు చేయి పోదు. ఇంకొక విషయము: అందరును అడుగుభాగమును గీతలు పడకుండ కాపాడుదురు గాని, సీడీకి అసలు ప్రాణము పైభాగమునందే కలదు. పైనున్నది వట్టి వార్నీషు. బాల్‌పెన్నుతో ఒత్తి పేరు వ్రాసినను, కాగితము అంటించి పీకినను లోహము లేచిపోవును. డీవీడీలో లోహపు పొర రెండు బిళ్లల నడుమ నుండుటచే ఈ భయము తక్కువ.

ఇక డ్రైవు విషయము. తప్పు డిస్కుదా, డ్రైవుదా యని ముందు తేల్చుకొనవలెను. నాలుగైదు డిస్కులను పెట్టి చూచినపుడు ఏదియు చదువబడనిచో దోషము డ్రైవుది. చాలభాగము లేజరు కటకముపై ధూళియో, లేజరు బలము తగ్గుటయో కారణమగును. ఒక్కటియే మొరాయించినచో డిస్కునే శంకింపవలెను. మెత్తని బట్టతో నడుమనుండి అంచువైపునకు తుడిచి, వేరొక డ్రైవులో పెట్టి చూచుట మంచిది. ఒక డ్రైవు చదువజాలనిదానిని మరియొకటి చదువుట తరచు జరుగును. ఆశ వదలుకొనుటకు ముందు రెండుమూడు డ్రైవులలో పరీక్షింపవలెను.

మార్చుటకు చెప్పు కారణములలో మొదటిది వేగము. ఇది పస లేని కారణము. సీడీకి ఒక రెట్టు వేగమనగా సెకనుకు 150 కిలోబైట్లు. 52 రెట్లని పెట్టెమీద వ్రాసియుండును. ఆ వేగము అంచున మాత్రమే, అదియును డిస్కు నిర్మలముగా నున్నప్పుడే. పాత డిస్కును చదువలేక డ్రైవు తానే వేగము తగ్గించుకొనును. ముసలివానిని పరుగెత్తించినంత మాత్రమున త్వరగా ఊరు చేరడు గదా!

రెండవది బ్లూరే. సీడీని చదువు కిరణము 780 నానోమీటర్లది, డీవీడీకి 650, బ్లూరేకు 405. కిరణము సన్నబడుకొలది గుర్తులు దగ్గరదగ్గరగా పట్టును. 700 మెగాబైట్ల సీడీ 4.7 గిగాబైట్ల డీవీడీ అయి, తుదకు ఒక పొరలోనే 25 గిగాబైట్ల బ్లూరే అయినది. కాని అలమారలో ఒక్క బ్లూరే డిస్కును లేని ఇంటికి ఈ డ్రైవెందులకు? సోనీ సంస్థ వ్రాయుటకు వాడు బ్లూరే డిస్కుల తయారీని 2025 ఫిబ్రవరిలో నిలిపివేసినది. 28 రూపాయలకు వీసీడీ, 34 రూపాయలకు డీవీడీ చొప్పున సినిమాలను ఇంటింటికి చేర్చిన మోజర్ బేర్ సంస్థ 2018లోనే లిక్విడేషనుకు పోయినది. క్రొత్తగా దాచుకొనుటకు డిస్కును ఆశ్రయించుట నేడు వివేకము కాదు.

పాత ల్యాప్‌టాపు గలవారికి మరియొక సలహా దొరకును: డ్రైవును తీసివేసి ఆ చోట ఎస్సెస్‌డీని అమర్చుమని. యంత్రము చురుకగుట నిజమే. ఆ చోటు 12.7 మిల్లీమీటర్లదా, 9.5దా యని కొలిచి చట్రము కొనవలెను. అయితే తీసిన డ్రైవును పారవేయుటకు ముందు డిస్కులన్నిటికిని నకళ్లు తీసికొనవలెను. బల్లమీది పాత కంప్యూటరులో వెడల్పాటి ఐడీఈ పట్టీ యున్నదా, సన్నని సాటా తీగ యున్నదా చూడక డ్రైవు కొన్నచో అది అతుకదు. యూఎస్బీ తీగతో బయటినుండి తగిలించు డీవీడీ రైటరు ఈ చిక్కులన్నిటిని తప్పించును. ఒక్కటి కొనిన నలుగురు బంధువుల ఇండ్లలో వాడుకొనవచ్చును. చాలమందికి తగినది ఇదియే.

అమెరికానుండి బంధువులు పంపిన సినిమా డీవీడీలకు ప్రాంతసంఖ్య యుండవచ్చును. అమెరికాది 1, మన దేశముది 5. డ్రైవులో ఈ సంఖ్యను అయిదుసార్లు మాత్రమే మార్చవచ్చును. తరువాత అది అచ్చటనే బిగిసిపోవును. పెండ్లి డిస్కులకు ఈ బాధ సాధారణముగా లేదు.

ఏ డ్రైవును తీర్చలేని కష్టము మరియొకటి కలదు. ఇరువదియేండ్ల క్రిందటి తెలుగు వ్యాసములు చాలవరకు పేజ్‌మేకరులో, అను ఖతులతో కూర్చినవి. డిస్కు చక్కగా తెరచుకొనును, ఫైలు కనబడును. లోపల మాత్రము తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరముల పిచ్చిగీతలు. ఆ ఖతులు తెలుగు రూపములను ఇంగ్లీషు అక్షరముల స్థానములలో కూర్చుకొనినవి. యూనికోడులో తెలుగునకు 1991లోనే చోటు లభించినను, 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చిన పిమ్మటగాని ఇంటి కంప్యూటరులలో దానికి వాడుక కలుగలేదు. అట్టి ఫైళ్లను నకలు తీసి ఊరకుండరాదు. ఆ ఖతులును భద్రపరచి, మార్పిడి సాధనముతో యూనికోడులోనికి తెచ్చి, ఒత్తులు, వట్రసుళ్లు సరిగా వచ్చినవో లేవో తెలుగు వచ్చినవారొకరు చదివి దిద్దవలెను. యంత్రము మార్చినదానిలో తప్పులు తప్పవు.

పని ఆరంభించువారు సినిమాలను కడపటికి ఉంచవలెను. అవి వేరొకచోట దొరకును. మొదట ఇంట వ్రాసిన సీడీలు, వానిలోను పైపొర పెచ్చులు లేచుచున్నవి, కాగితము అంటించినవి. వెలుతురునకు పట్టి చూచినప్పుడు సూదిమొనలంత రంధ్రములు కనబడినచో దానిని ఆనాడే నకలు తీయవలెను. నకలును ఒక హార్డుడిస్కులో నొకటి, వేరొక ఊరిలోని బంధువునొద్ద నొకటి ఉంచుదురుగాక. బాగుగా నున్న డీవీడీకి ఎక్కువసేపు పట్టదు.