కాలు చాచిన తెరచుకొను కారు డిక్కీ

రెండు చేతుల నిండ సామాను ఉన్నప్పుడు, మూట నేలకు దింపకుండ కారు డిక్కీ తెరచుట ఎట్లు? దీనికై ఏర్పడిన ఉపాయము చిత్రమైనది. వెనుక బంపరు క్రిందికి కాలు ఒకసారి చాచి వెనుకకు తీసినచో మూత దానంతట అదియే లేచును. అమెరికాలో 2012లో విడుదలయిన ఫోర్డు ఎస్కేప్ కారు దీనికి మంచి ప్రచారము తెచ్చినది. కాని పలువురు పదిసార్లు కాలాడించి, విసిగి, మూట దింపి చేతితోనే తెరచుచుందురు. లోపల జరుగు పని తెలిసినచో ఈ అవస్థ చాలవరకు తప్పును.

కారు మన కాలును చూడదు. బంపరు లోపల, దాని పొడవునా, సాధారణముగ రెండు విద్యుద్వాహకపు తీగలు అమర్చియుండును: ఒకటి పైన, ఒకటి క్రింద. ప్రతి వాహకమును కొంత విద్యుదావేశమును నిలువ చేసికొనగలదు. దీనినే ధారణశక్తి యందురు. నీరు, లవణములు గల మన శరీరము కూడ వాహకమే గనుక, అది దగ్గరకు వచ్చినపుడు తీగ ధారణశక్తి రవంత పెరుగును. పాత రేడియోలలో దూరపు స్టేషనును పట్టి, చేయి వెనుకకు తీయగనే ధ్వని జారిపోవుట కొందరు పెద్దలకు జ్ఞాపకముండవచ్చును. రష్యా దేశీయుడు లెవ్ తెర్మెన్ 1920 ప్రాంతమున, తాకకుండనే పలుకు థెరెమిన్ వాద్యమును నిర్మించినది ఈ ధర్మము మీదనే. కారులో కొలువవలసిన మార్పు పికోఫారడుల లెక్కలోనిది. పికోఫారడనగా ఫారడులో లక్షకోటవ వంతు!

క్రింది తీగ పాదమును, పై తీగ ముంగాలును పసికట్టును. రెండింటిలోను మార్పు కలిగి, వెంటనే తగ్గిననే యంత్రము దానిని మనిషి కాలుగ నెంచును. కావున పాదమును ప్రక్కలకు ఊపుట, బంపరు క్రింద అట్లే నిలిపియుంచుట వ్యర్థము. తిన్నగ చాచి, తిన్నగ తీయవలెను.

ఇంతమాత్రమే అయినచో దారిన పోవువాడెవడైనను డిక్కీ తెరువగలడు. అందుచేత కారు మొదట సెకనుకు సుమారు 1,25,000 కంపనములు గల రేడియో తరంగములతో తాళపుచెవిని పిలుచును. ఈ పిలుపు ఒకటి రెండు మీటర్ల మేరకే అందును. చెవి మేల్కొని, రహస్య సంకేతముతో బదులు పలుకవలెను. అది జేబులో లేనివాడు ఎంత తన్నినను మూత కదలదు. దానిలోని బ్యాటరీ నీరసించినను అంతే.

నీటితో మాత్రము చిక్కున్నది. జేబులో తాళపుచెవి నుంచుకొని గొట్టముతో కారు కడుగునపుడు, నీటిధారనే కాలుగ భ్రమించి డిక్కీ తెరచుకొనవచ్చును. అప్పుడు చెవిని దూరముగ ఉంచుట మేలు. అందము కొరకు వెనుక తగిలించు ఇనుప కమ్మీలు తీగలకు అడ్డుపడి, అసలే పని చేయనీయకపోవచ్చును.

బరువుతో ఒంటికాలిపై నిలుచుట వృద్ధులకు తగినది కాదని నా యభిప్రాయము. హ్యుందాయ్ వారి కొన్ని కార్లలో తాళపుచెవితో వెనుక మూడు సెకనులు నిలిచిన చాలును. ఈ పద్ధతియే వారికి నయము. ఏ పద్ధతియైనను, మూత లేచునపుడు ఒక అడుగు వెనుకకు జరుగవలెను. ఇప్పుడే ఆగిన కారు పొగగొట్టము కాలుచుండును గనుక, పాదమును దానికి దూరముగనే చాపవలెను.